పన్నెండేళ్లు దాటినవారు ఊయల ఎక్కరాదు

పార్కుల విభాగంలో పనిచేశానని చెబితే ఇప్పటి పిల్లలు "అబ్బ, ఎంత హాయైన ఉద్యోగం ఆంటీ!" అంటారు. పొద్దున్నే పచ్చగడ్డి మీద నడుస్తూ, పూలమొక్కలకు నీళ్లు పెట్టిస్తూ, సాయంత్రానికి ఇల్లు చేరే పని అనుకుంటారు కాబోలు. నేను పదవీ విరమణ దాకా చేసిందల్లా మోటారు కాలిపోయిందని ఒకరితో, గేదెలు లోపలికొచ్చాయని ఇంకొకరితో, నీళ్ల పైపు ఎత్తుకుపోయారని పోలీసులతో గొడవ పడటం. పూలు చూసింది తక్కువ. చూసినా, ఎవరైనా కోసుకుపోతున్నారేమో అన్న అనుమానంతోనే చూశాను.

అయినా ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఏదైనా చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక ఊయల. ఆ ఊయల మూలంగా ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. దాదాపు నా చేతుల మీదుగానే పోబోయింది.

అప్పటికి మనది ఇంకా ఒకే రాష్ట్రం. నేను సికింద్రాబాద్ వైపు కొన్ని పార్కులకు సూపర్‌వైజర్ని. మా ఇల్లు లాలాగూడలో. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. తాతగారి కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన క్రైస్తవ కుటుంబం మాది. ఇంట్లో చేసుకునేవి క్రిస్మస్, ఈస్టర్. ఇరుగుపొరుగు వల్ల తెలిసినవి బతుకమ్మ, దసరా, బోనాలు. ఇంతకుమించి పండుగలుంటాయని నేనెప్పుడూ ఆలోచించలేదు.

నేను చెప్పే పార్కు ఏ.ఎస్. రావు నగర్ దాటాక, కొత్తగా వెలసిన ఒక కాలనీలో ఉండేది. ఫ్యాక్టరీ ఉద్యోగాల కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు అక్కడ ఎక్కువ. లేఅవుట్లో పార్కుకని వదిలిన ఆ స్థలాన్ని ఎవరో గుడిసె వేసి కబ్జా చేయబోతే, కాలనీ సంఘం ప్రెసిడెంటు కోర్టు చుట్టూ తిరిగి కాపాడారు. ఆయన రిటైరైన ఇంజనీరు. తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని రోజూ పార్కు చుట్టూ నడుస్తూ, ఎక్కడ ఇటుక కదిలినా నా ఆఫీసుకు ఫోను చేసేవారు. ఆయన ఫోనంటే నాకు తలనొప్పిగా ఉండేది గానీ, అలాంటి మనిషి ప్రతి పార్కుకూ ఒకరుంటే మా పని సగం తగ్గేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ పార్కుకు ఒక కాపలాదారు. మెదక్ వైపు నుంచి వచ్చినవాడు. పెళ్లాం పిల్లలతో మౌలాలి గుట్ట కింద ఒక గదిలో అద్దెకుండేవాడు. రోజుకూలీ మీద చేరి ఏళ్లు గడిచాయి. అలాంటివాళ్లను పర్మినెంటు చేస్తారని అప్పట్లో గట్టిగా మాట నడుస్తోంది. లిస్టులో అతని పేరు పైకి పంపింది కూడా నేనే. మితభాషి. ఏది అడిగినా "అట్లనే అమ్మా" అనేవాడు. నాకు అంత నమ్మకస్తుడు వేరే పార్కులో లేడు.

ఆ పార్కులో పిల్లల ఊయలలు రెండు. ఇనుప స్తంభాలు, గొలుసులు, కూర్చోవడానికి చెక్క పలకలు. ఒక ఏడాది దసరా వెళ్లిన కొద్ది రోజులకు పలక పగిలింది. పాత పలకేలే అనుకుని మార్పించాను. మరుసటి ఏడాది మళ్లీ దసరా తర్వాతే పైన గొలుసు తగిలించే కొక్కెం సాగిపోయింది. కొత్తది వేయించి, పాతది సంచిలో పడేసుకుని ఇంటికి తీసుకెళ్లి నాన్నకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీన్ని ఎవరూ ఏం చెయ్యలేదమ్మా. బరువుకు సాగింది. మీ పార్కుకు పిల్లలొస్తారా, పహిల్వాన్లొస్తారా?"

ఇక నాకు అనుమానం లేదు. మా వైపు దసరా అంటే మాంసం, మందు. పండుగ మత్తు ఇంకా దిగని మగవాళ్లు నలుగురు గోడ దూకి వచ్చి, రాత్రిళ్లు ఊయలలెక్కి ఆడుతున్నారని నిర్ణయించేశాను. మా సెక్షన్‌లో అందరూ ఔనంటే ఔనన్నారు. వెంటనే ఎర్ర అక్షరాలతో బోర్డు రాయించాను: "పన్నెండేళ్లు దాటినవారు ఊయల ఎక్కరాదు." తాగినవాడు బోర్డు చదివి వెనక్కి పోతాడని మాకెలా తోచిందో ఇప్పటికీ అర్థం కాదు. కాపలాదారును పిలిచి గట్టిగా చెప్పాను. అతను బోర్డు వైపు ఒకసారి చూసి, "అట్లనే అమ్మా" అన్నాడు.

మూడో ఏడాది, మళ్లీ దసరా తర్వాతే, సాయంత్రం ఊయల ఊగుతున్న చిన్నపిల్ల ఒకతి కింద పడింది. కొక్కెం సగం తెరుచుకుని ఉండి, ఊపు అందుకోగానే గొలుసు ఊడి వచ్చింది. పిల్ల చెయ్యి విరిగింది. ఆ పిల్ల ప్రెసిడెంటు గారి మనవరాలు.

మర్నాడు పొద్దున్నే ఆయన నా ఆఫీసులో ఉన్నారు. మనిషి రాత్రంతా నిద్ర పోలేదని చూడగానే తెలుస్తోంది.

"మీ వాచ్‌మన్ తెల్లారుజామున గేటు తీసి ఎవర్నో లోపలికి వదులుతున్నాడు మేడమ్ గారూ. పాలు పోసేవాడు కళ్లారా చూశాడు, గేటు బార్లా తెరిచి ఉందని. తాగుబోతులకి అడ్డా చేసిపెట్టాడు మన పార్కుని. ఆ స్థలం కోసం నేనెంత తిరిగానో మీకు తెలుసు. ఇవాళ నా మనవరాలు చెయ్యి విరగ్గొట్టుకుంది. వాణ్ణి తీసేసేదాకా నేను ఊరుకోను."

ఆయన అప్పటికే మా పై ఆఫీసరుకు ఫోను చేశారు. రేపే ఆఫీసరు పార్కుకే వచ్చి విచారణ చేస్తారని కబురొచ్చింది. నేను పార్కుకు పరుగెత్తాను. కాపలాదారు ఊడిపడిన పలక పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"గేటు తీశావా?"

"తీసిన అమ్మా."

"ఎవరికి?"

అతను పలక మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. ఎంత తిట్టినా అంతే. "పర్మినెంటు ఆర్డరు దాకా వచ్చి ఇలా చేస్తావా? నీ పిల్లల సంగతేమిటి?" అన్నాను. కళ్లు తుడుచుకున్నాడు గానీ నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇతన్నా నేను ఇన్నాళ్లూ నమ్మింది అనుకున్నాను.

అంతా చూస్తున్న మా ముసలి తోటపని ఆమె నన్ను పక్కకు లాగింది. పార్కు ఊడ్చేది ఆమే.

"బిడ్డా, నేనొక ముచ్చట చెప్త, నవ్వొద్దు. తాగుబోతులు కనకాంబరాలు పెట్టుకుంటరా?"

"ఏమిటి?"

"ప్రతి యాడాది ఊయల కాడ నేను ఊడిసేది పూలే. ఇరిగిన చేతిగాజుల ముక్కలు సుత. ఒక్క సీసా దొరకలె. గవి దయ్యాలు బిడ్డా. ఆడ దయ్యాలు. అందుకే ఎవలకు చెప్పలె, గా దిక్కు ఒక్కదాన్నే పోను కూడ పోను."

దయ్యాలను నేను నమ్మను. గాజులు తొడుక్కుని ఇనుప కొక్కెం సాగదీసే దయ్యాలనైతే అసలే నమ్మను. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి మౌలాలి వెళ్లాను.

అతని భార్య చాప వేసి, చాయ్ ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెకు విషయం తెలుసని ముఖం చూస్తేనే అర్థమైంది. "పూలు పెట్టుకుని ఊయలెక్కేది ఎవరు?" అని అడిగాను. అతను నేల చూపులు చూస్తూనే మొదలుపెట్టాడు.

"రెండేండ్ల కింద, ఇంక తెల్లారలె, ఒక పెద్దమ్మ గేటు కాడికొచ్చిందమ్మా. ఎనక ఇంకో నలుగురైదుగురు ఆడోళ్లు. జెరసేపు ఊయల ఊగి పోతమన్నరు. గీ వయసుల ఊయల ఏందమ్మా అన్న. అట్లతద్దంట. వాళ్ల దిక్కు పండుగ. పొద్దు పొడవక ముందే తిని, ఊయల ఊగాలెనంట. ఊర్ల చెట్టుకు ఏసుకునేటోళ్లమయ్యా, ఈడ ఇంట్ల చెట్టు లేదు, మిద్దె మీద కొక్కెం లేదు, ఊగక ఎన్నేండ్లాయెనో అని ఆ పెద్దమ్మ కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది."

"అయితే తీసేశావా గేటు?"

"ఈమెనడుగుండ్రి," అంటూ భార్యను చూపించాడు. "మేం సిటీకొచ్చిన కొత్తల బతుకమ్మ నాడు నీళ్ల కోసం తిరగని గల్లీ లేదు. ఆఖర్కి నల్లా కాడ బకిట్ల ఏసినం బతుకమ్మను. ఆ రాత్రి ఈమె అన్నం తినలె. గా తక్లీఫ్ నాకు తెల్వదా అమ్మా?"

గుమ్మం దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నాతో ఒక్క మాట చెప్పాల్సింది కదా?"

"మీరు బోర్డు పెట్టిస్తిరి గదమ్మా."

చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆ ఆడవాళ్లెవరో చెప్పమన్నాను. విచారణలో ఆ పేర్లు చెబితే ఉద్యోగం నిలబడుతుందన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎవలకు చెప్పనని మాటిచ్చిన. మనుమలు మనుమరాండ్లున్నోళ్లు ఊయలలెక్కుతున్నరని ఇంట్ల మొగోళ్లు నవ్వుతరంట. ఆడోళ్లను నవ్వులపాలు జేసి నౌకరీ తెచ్చుకోవాల్నా? నడువది అమ్మా."

భార్య ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో నాకు మా ఈస్టర్ గుర్తొచ్చింది. చీకటి ఉండగానే లేచి, తెల్ల చీరలు కట్టుకుని, సూర్యోదయ ఆరాధనకు ఒక స్కూలు గ్రౌండుకు వెళ్లేవాళ్లం. ఆ గ్రౌండు గేటు మాకోసం ఎవరు తెరిచేవారో, ఎవర్ని అడిగి తెరిచేవారో నాకు తెలీదు. చిన్నప్పటి నుంచీ వెళుతున్నా ఒక్కసారి కూడా అడగలేదు. మేం వెళ్లేసరికి గేటు తెరిచే ఉండేది, అంతే.

సాయంత్రం పిల్లను చూడటానికి ప్రెసిడెంటు గారింటికి వెళ్లాను. చేతికి పిండికట్టుతో పిల్ల మంచం మీద కూర్చుని బిస్కెట్లు తింటోంది. పెద్దాయన నాతో రేపటి విచారణలో ఏం మాట్లాడాలో చెబుతూనే ఉన్నారు. ఆయన భార్య కాఫీ తెచ్చారు. అరవై దాటిన మనిషి, బొద్దుగా, నుదుట పెద్ద బొట్టు. కప్పు అందిస్తుంటే ఆవిడ అరచేతులు చూశాను. గోరింటాకు ఎర్రగా పండి ఉంది. నేను చూశానని ఆవిడ చూశారు. కప్పు నా చేతిలో పెట్టేసి చేతులు కొంగు కింద దాచుకున్నారు.

నేను వీధిలోకి వచ్చేసరికి ఆవిడ చెప్పులు కూడా లేకుండా వెనకే వచ్చారు.

"ఏమ్మా, ఆ అబ్బాయిని ఏం చేస్తారు?"

"తీసేస్తారండీ."

"మా పేర్లు చెప్పలేదా?"

"చెప్పనన్నాడు."

ఆవిడ గేటు పట్టుకుని నిలబడిపోయారు. లోపల్నుంచి పెద్దాయన "ఎవరూ?" అన్నారు. "ఎవరూ లేరండీ," అంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదంటే అబద్ధమే. మౌలాలి గదిలో ఆ ఇద్దరు మూసుకున్న నోటికీ ఈవిడ మూసుకున్న నోటికీ ఎంత తేడా అనుకుంటూ ఇంటికి చేరాను.

మర్నాడు ఆఫీసరు జీపు దిగి, చింతచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. అది లేఅవుటు వేయకముందు నుంచీ ఆ మూల ఉన్న పాత చెట్టు. కాలనీవాళ్లు గుమిగూడారు. ప్రెసిడెంటు గారు జరిగిందంతా చెప్పారు. ఆఫీసరు కాపలాదారును పిలిచారు.

"గేటు తీసినవా?"

"తీసిన సార్."

"ఎవరి కోసం?"

"అది అడగకుండ్రి సార్. తప్పు నాదే. ఏం రాసుకుంటరో రాసుకోండ్రి."

ఆఫీసరు జేబులోంచి పెన్ను తీశారు. ఆ పెన్ను మూత తీస్తుండగా నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"గేటు తీయమన్నది నేను సార్."

అందరూ నావైపు తిరిగారు. నేను ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధమాడరాదని పాఠం చెప్పే మనిషిని. ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని, "ఎందుకు?" అన్నారు. అది నేను ఆలోచించుకోలేదు. మొక్కలకు మందు కొట్టడానికందామా, మోటారు బాగుచేయడానికందామా అని తడుముకుంటూ నిలబడ్డాను. అబద్ధానికి కూడా కొంచెం ముందు ప్లాను ఉండాలని ఆ క్షణంలో తెలిసింది.

"ఊగడానికండీ," అని వెనక నుంచి వినిపించింది.

ప్రెసిడెంటు గారి భార్య. మనవరాలి రెండో చెయ్యి పట్టుకుని జనంలోంచి ముందుకొచ్చారు.

"ఆ సూపర్‌వైజర్ అమ్మాయి తీయమనలేదు. మమ్మల్ని కాయడానికి చెబుతోంది. తాగుబోతులెవరూ రాలేదండీ. నేనొచ్చాను. మూడేళ్లనుంచీ వస్తున్నాను. అట్లతద్దినాడు నేనే ఊగాను ఆ ఊయల. దీని చెయ్యి విరిగింది నా బరువుకి."

పిల్ల ఎంతో ఆశ్చర్యంగా తలెత్తి, "నువ్వు ఊయలెక్కావా అమ్మమ్మా? నన్నెందుకు తీసుకెళ్లలేదు?" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లలో ఇంకో ఇద్దరు ముగ్గురు తలలు వంచుకుని అడుగు ముందుకు వేశారు. పెద్దాయన భార్యనే చూస్తూ నిలబడ్డారు. "నాకు చెప్పొచ్చుగా?" అన్నారు, చాలా మెల్లగా.

"చెబితే ఏమనేవారు?" అన్నారావిడ.

ఆయన బెంచీ చివర, ఆఫీసరు పక్కనే కూలబడ్డారు. కాపలాదారును తీసేయాలన్న మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు, ఆఫీసరు అంతే. కాపలాదారును మందలించి వదిలేశారు. లిస్టులో పేరు అలాగే ఉంచారు. తెలిసి తెలిసి అబద్ధం చెప్పినందుకు నాకు మెమో ఇచ్చారు. ఇక ఇలాంటి ప్రమాదాలు జరగకుండా ఏం చేయాలని ఆలోచించి, ఊయలలు రెండూ పీకించేశారు. మా దగ్గర ఏ సమస్యకైనా చివరికి అదే పరిష్కారం.

ఊయల స్తంభాల గోతులు పూడ్పిస్తూ నిలబడ్డప్పుడు మొదటిసారి ఆ పార్కును చుట్టూ చూశాను. పిల్లలకు జారుడుబండ. మగవాళ్లకు నడక దారి. ముసలివాళ్లకు బెంచీలు. ఇల్లూ వాకిలీ చక్కబెట్టుకుని వచ్చే ఆడమనిషికి మేం ఏం పెట్టాం? ఎక్కరాదని ఒక బోర్డు పెట్టాం. నేనూ ఆడదాన్నే, ఆ బోర్డు రాయించిందీ నేనే. ప్లాను గీసేటప్పుడు అడిగే దిక్కు లేకపోతే ఎవరికి ఏం కావాలో కాగితం మీదికి రాదు. మీరు రేపు ఏ పార్కు వేసినా, ఏ ఆఫీసులో కూర్చున్నా, ఒక పని అస్తమానం దొంగతనంగా జరుగుతోందంటే కాపలా పెంచే ముందు ఒకసారి ఆగి చూడండి. బోర్డు రాయించడం ఎంతసేపు!

ఏడాది తిరిగింది. దసరా వెళ్లాక ఒకరోజు ప్రెసిడెంటు గారు ఆఫీసుకు వచ్చారు. ఈసారి ఫిర్యాదేమీ లేదు. కుర్చీలో ఇబ్బందిగా కదిలి, "ఫలానా రోజు గేటు కాస్త ముందు తీయిస్తారా మేడమ్ గారూ? తాడు నేను తెచ్చుకుంటాను," అన్నారు. చెట్టుకు తాడు కట్టడం మా నిబంధనలకు విరుద్ధం. ఎందుకోగానీ ఆ రోజు నాకు ఆ నిబంధన గుర్తు రాలేదు.

ఆ తెల్లవారుజామున నేనూ వెళ్లాను. వీధి దీపాలింకా వెలుగుతున్నాయి. ఆడవాళ్లు గేటు బయటే నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. చింతచెట్టు కింద పెద్దాయన లావుపాటి కొత్త తాడు పట్టుకుని వేలాడుతున్నారు, కాన్వాసు బూట్లు నేలకు ఆనకుండా. తన బరువంతా వేసి పరీక్షిస్తున్నారన్నమాట. కాపలాదారు కొమ్మ మీద కూర్చుని ముడి బిగిస్తున్నాడు. అతని పర్మినెంటు ఆర్డరు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు.

"ఇంకో ముడి వెయ్యవయ్యా."

"మూడేసిన సార్. ఏనుగు ఊగినా ఏం గాదు."

"ఏనుగు సంగతి కాదు, మా ఆవిడ సంగతి చూడు," అన్నారాయన. గేటు దగ్గర నవ్వులు వినిపించాయి.

ఆడవాళ్లు లోపలికి వచ్చారు. ముందు ప్రెసిడెంటు గారి భార్య. ఆవిడ పలక మీద కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, తాళ్లు పట్టుకుని ఆగిపోయారు. మనవరాలు వీపు మీద చెయ్యి వేసి తొయ్యడానికి సిద్ధంగా ఉంది. పెద్దాయన ఎదురుగా నిలబడి, ముడులన్నీ మళ్లీ ఒకసారి చూసి, అక్కడే ఉండిపోయారు.

కాపలాదారు చెట్టు దిగి వచ్చి, ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"సార్, మీరు జెర రోడ్డు దిక్కు తిరుగుండ్రి. ఇది ఆడోళ్ల జాగ."

అంతవరకూ ఆ పార్కులో ఆయనను పక్కకు జరగమన్నవాళ్లు లేరు. ఆయన ఒక్కక్షణం తటపటాయించి, నడిచి వెళ్లి గేటు దగ్గర అతని పక్కన నిలబడ్డారు. ఇద్దరూ మాకు వీపులు తిప్పి రోడ్డు వైపు చూస్తున్నారు. వెనక తాడు కిర్రుమంది. ఒక ఊపు, ఇంకో ఊపు, ఆడవాళ్ల అరుపులు.

"ఊగుతోందా?" అని పెద్దాయన తల తిప్పకుండానే అడిగారు.

"తిరగొద్దు సార్," అన్నాడు కాపలాదారు. "నవ్వుతున్నది, ఇనవడ్తలేదా?"